ఏ గేర్లో ఎక్కితే ఆ గేర్లోనే: ఘాట్ రోడ్డు మీద అపోహలు – వాస్తవాలు

మా వేంపల్లెలో ఎవరైనా బండి బాగా తోలతాడని మెచ్చుకోవాలంటే "రేసులో తోలినట్టు తోలతాడు" అంటారు. శ్రావణమాసం శనివారాల్లో గండి ఆంజనేయస్వామి దగ్గరికి జనం కదిలినప్పుడు ఈ మాట ఎక్కువగా వినబడుతుంది. పాపాఘ్ని నది కొండను చీల్చుకొని వచ్చే చోటది. కాలినడకన పోయే ఆడవాళ్లు, నిండుగా ఎక్కించుకున్న ఆటోలు, పిల్లాజెల్లాతో ట్రాక్టర్లు. వాటి సందుల్లోంచి బైకును పక్కకు వాల్చి దూసుకుపోయే కుర్రవాళ్లు. వాళ్ల చేతిలో పనితనం లేదని నేను అనను. ఆ పనితనం ఏ రోడ్డు కోసం పుట్టిందో వాళ్లకు ఎవరూ చెప్పలేదు, అంతే. 2024 ఆగస్టులో గువ్వలచెరువు ఘాట్‌లో కంటైనర్ లారీ, కారు ఢీకొని ఐదుగురు పోయారు. కడప, రాయచోటి, పులివెందుల వైపు వాళ్లమంతా ఏదో ఒక పని మీద పోయివచ్చే దారి అది. అందుకే టీ అంగళ్ల దగ్గర తరచూ వినే కొన్ని మాటలను తీసుకొని, వాటిలో నిజమెంతో చెప్పాలనిపించింది.

అపోహ: ట్రాక్ మీద గెలిచినవాడు ఏ రోడ్డు మీదైనా గెలుస్తాడు.

మన హైదరాబాదునే చూద్దాం. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగింది. 2.8 కిలోమీటర్ల చుట్టు. ఫ్రాన్స్ డ్రైవర్ జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. రోజూ స్కూటర్లు, ఆటోలు తిరిగే రోడ్లే అవి. కానీ ఆ రోజు వాటికి రెండు వైపులా గోడలు కట్టారు, కంచెలు వేశారు. ఎదురు వచ్చే బండి లేదు. రోడ్డు దాటే ముసలమ్మ లేదు. ముందు మలుపులో ఏదైనా జరిగితే జెండా ఊపి చెప్పే మనిషి ఉన్నాడు, అంబులెన్సు ఇంజను ఆపకుండా ఎదురు చూస్తోంది. డ్రైవర్ అదే మలుపును ముందు రోజు నుంచీ పదేపదే తిరిగి మనసులో అచ్చు వేసుకున్నాడు. తెలియనిదంతా తీసేసిన తరువాతే అతడు తన శక్తి చివరి అంచు దాకా పోగలిగాడు.

ఘాట్ రోడ్డు మీద తెలియనిది ఎక్కడికీ పోదు. మలుపు అవతల లారీ ఉండొచ్చు, గొర్రెల మంద ఉండొచ్చు, రాత్రి వానకు జారిన బండరాయి ఉండొచ్చు. ట్రాక్ నేర్పే మొదటి పాఠమే ఇక్కడ ప్రాణం తీస్తుంది. రేసులో మలుపు తిరిగేటప్పుడు బయటి అంచు నుంచి మొదలుపెట్టి, లోపలి అంచును రాసుకుంటూ పోయి, మళ్లీ బయటి అంచుకు రావాలి. దానివల్ల మలుపు వంపు తగ్గి వేగం నిలుస్తుంది. మన కుర్రవాళ్లు వీడియోల్లో చూసి నేర్చుకున్నది ఇదే. రెండు వైపులా బండ్లు వచ్చే ఘాట్‌లో అలా "మలుపు కోసుకొని" పోవడమంటే ఎదుటివాడి దారిలోకి దూరడమే. ఎడమ మలుపులో చక్రం రోడ్డు మధ్య గీత మీదికి పోతుంది, కుడి మలుపులో పూర్తిగా గీత దాటుతుంది.

రోడ్డు మూసేసి ఎదురుబండ్లు లేకుండా చేసినా కొండ కొండే. అమెరికాలో పైక్స్ పీక్ అనే కొండ మీదికి 1916 నుంచి రేసు జరుగుతోంది. సుమారు 20 కిలోమీటర్లు, 156 మలుపులు, చివరికి చేరే ఎత్తు 4,300 మీటర్లు. అక్కడ నాలుగుసార్లు విజేత అయిన కార్లిన్ డన్ 2019 జూన్ 30న గమ్యానికి కొద్ది దూరంలో మోటార్ సైకిల్ అదుపు తప్పి చనిపోయాడు. ఆ తరువాత ఆ రేసులో మోటార్ సైకిళ్లను ఆపేశారు. ఆ కొండ తెలియని మనిషి కాదతడు, చేతకాని మనిషి అంతకన్నా కాదు. అంచున ఉన్నవాడికి తప్పు దిద్దుకునే చోటు ఉండదు. ట్రాక్ మీద తప్పు చేస్తే పక్కన ఇసుక, కంకర పరిచి ఉంటాయి. కొండ మీద పక్కన ఉండేది లోయ.

అపోహ: బ్రేకులు కొత్తవైతే దిగుడు గురించి దిగులు అక్కర్లేదు.

మా వీధిలో ఒక పెద్దాయన ఉండేవాడు. ముప్పై ఏళ్లు చీనీకాయల లోడు తోలిన మనిషి. మేమంతా మామా అనేవాళ్లం. లైసెన్సు తీసుకున్న ప్రతి కుర్రవాడికీ ఆయన చెప్పే మాట ఒకటే: "ఏ గేర్లో ఎక్కుతావో ఆ గేర్లోనే దిగల్ల నాయనా."

ఆ మాట వెనక లెక్క ఉంది. 20 టన్నుల లారీ 300 మీటర్ల ఎత్తు నుంచి కిందికి దిగిందనుకుందాం. ఆ దిగుడులో విడుదలయ్యే శక్తితో 200 లీటర్ల డ్రమ్ము నిండా ఉన్న చన్నీళ్లను మరగబెట్టవచ్చు. ఇంజను, గాలి, టైర్లు పంచుకున్నంత పోగా మిగిలిన వేడినంతా బ్రేకులు మింగాలి. కిలోమీటర్ల పొడవునా పెడల్ మీద కాలు ఉంచేస్తే చక్రంలోని డ్రమ్ము కాలిపోయేంత వేడెక్కి వ్యాకోచిస్తుంది, లైనర్లకు దూరం జరుగుతుంది. లైనర్లు కూడా పట్టు కోల్పోతాయి. కార్లలో ఇంకో ముప్పు ఉంది. బ్రేక్ ఆయిల్ ఏళ్ల తరబడి మార్చకపోతే గాలిలోని తేమను పీలుస్తుంది. డాట్ 3 రకం కొత్తదైతే 205 డిగ్రీలు దాటితే గానీ మరగదు, తేమ పట్టినదైతే 140 దగ్గరే మరగవచ్చు. మరిగిందంటే లోపల బుడగలు. కాలు నొక్కితే పెడల్ మెత్తగా నేల దాకా దిగిపోతుంది, బండి మాత్రం ఆగదు. "బ్రేకులు ఫెయిలయినాయి" అని మనం చెప్పుకునే కథల్లో చాలావాటికి మొదలు ఇక్కడే. బ్రేకును అరగదీసింది మొదటి మలుపు నుంచీ దాని మీద ఆనించిన కాలే.

చిన్న గేర్లో పెట్టి యాక్సిలరేటర్ వదిలేస్తే చక్రాలే ఇంజనును తిప్పాల్సి వస్తుంది. ఆ తిప్పడానికి పోయే బలం బండిని వెనక్కి పట్టుకొని ఉంటుంది. బ్రేకును మధ్యమధ్య గట్టిగా కొట్టి వదిలితే దానికి చల్లారే సమయం దొరుకుతుంది. ఇదంతా దిగుడు మొదలవక ముందే చేయాలి. వేగం పెరిగిన తరువాత లోడు బండిని చిన్న గేర్లోకి దించడం ఎంతటి చేయి తిరిగినవాడికీ కష్టమే.

లోడు ఎక్కువైతే ఈ లెక్కంతా ఇంకా పెరుగుతుంది. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాట్‌లో పడిన బస్సులో ఎక్కించాల్సినదాని కన్నా చాలా ఎక్కువమంది ఉన్నారు. 60 మందికి పైగా చనిపోయారు. ఆ సంఖ్యను నేను ఎన్నిసార్లు చదివినా కొంచెంసేపు ఆగాల్సి వస్తుంది.

అపోహ: దిగుడులో న్యూట్రల్ చేస్తే డీజిల్ మిగులుతుంది.

ఇప్పటి ఇంజన్లలో ఇది తిరగబడింది. బండి గేర్లో ఉండి, యాక్సిలరేటర్ మీద కాలు లేకపోతే కంప్యూటరు ఇంధనాన్ని పూర్తిగా ఆపేస్తుంది. న్యూట్రల్‌లో అయితే ఇంజను ఆగిపోకుండా ఉండటానికి కొంత కాల్చక తప్పదు. ఇక ఇంజనునే ఆపేసి దిగేవాళ్లున్నారు. కారులో రెండు మూడుసార్లు నొక్కాక బ్రేక్ రాయిలా బిగుసుకుంటుంది, స్టీరింగు బరువెక్కుతుంది. లారీలో బ్రేకులకు కావాల్సిన గాలిని నింపే కంప్రెసర్ ఆగిపోతుంది. మిగిలేది నాలుగు చుక్కల డీజిల్ కూడా కాదు.

అపోహ: దిగే బండి ఆపలేదు కాబట్టి ఎక్కేవాడే దారివ్వాలి.

చట్టం ఇందుకు సరిగ్గా ఎదురు చెబుతుంది. ఇద్దరికీ చాలనంత ఇరుకు కొండ దారిలో దిగేవాడు పక్కకు ఆగి, ఎక్కేవాడికి దారి ఇవ్వాలి. లోడుతో ఎక్కుతున్న బండి మధ్యలో ఆగితే మళ్లీ కదలడం కష్టం, వెనక్కి జారే ప్రమాదమూ ఉంది. ఇక "దిగేటప్పుడు ఆపలేను" అనే డ్రైవర్ అప్పటికే ఆపగలిగిన వేగం దాటి తోలుతున్నాడన్నమాట.

అపోహ: రోజూ పోయే రోడ్డే, కండ్లు మూసుకొని తోలొచ్చు.

రోడ్డు తెలుసు, నిజమే. ఈ పూట దాని మీద ఏముందో తెలియదు. పొడి రోడ్డు మీద, సమతలంలో, గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోతున్నవాడు ప్రమాదం చూసి, కాలు కదిపి, బండి ఆపేలోగా దాదాపు 26 మీటర్లు ముందుకు పోతాడు. 60 మీద ఉంటే సుమారు 45 మీటర్లు. దిగుడులో ఇంకా ఎక్కువ, తొలకరికి దుమ్మూ ఆయిలూ కలిసి తడిసిన రోడ్డు మీద మరీ ఎక్కువ. బాగా వంకర తిరిగిన మలుపులో కనబడే రోడ్డు 20, 25 మీటర్లకు మించదు. హారన్ కొట్టానుగా అంటారు. మేకకు, రాయికి, చెడిపోయి నిలబడ్డ లారీకి హారన్ వినబడదు.

అపోహ: నిదానంగా తోలేవాడికి పని రాదు.

తిరుమలకు పోయివచ్చిన ప్రతివాడికీ దీనికి జవాబు తెలుసు, గమనించాలంతే. మోక్షగుండం విశ్వేశ్వరయ్య పర్యవేక్షణలో రూపుదిద్దుకున్న మొదటి ఘాట్ రోడ్డు 1944లో తెరిచారు. 1974లో రెండోది వచ్చాక ఎక్కడానికి ఒకటి, దిగడానికి ఒకటి అయ్యాయి. అంటే ఎదురుబండి భయం లేదు. అయినా అక్కడ ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు, దిగడానికి కనీసం 40 నిమిషాలు తీసుకోవాలన్న నియమం ఉంది. అంతకన్నా ముందు వస్తే తప్పు. దిగుడుకు ఎక్కువ సమయం పెట్టడం చూడండి. ఆ లెక్కన దిగే బండి సగటు వేగం గంటకు 30 కిలోమీటర్లు కూడా దాటదు. ట్రాక్ మీద ముందు వచ్చినవాడికి కప్పు ఇస్తారు, ఏడుకొండల మీద ముందు వచ్చినవాడిని ఆపి నిలదీస్తారు. రెండు చోట్లా గడియారం ఉంది, అది అడిగే ప్రశ్న వేరు.

మామ లారీలో ఒకసారి మద్రాసు నుంచి తిరుగు లోడుతో చిత్తూరు, రాయచోటి మీదుగా వచ్చాను. గువ్వలచెరువులో అందరిలాగే పాలకోవా కోసం ఆగాం అనుకున్నాను. నేను కోవా తింటూ ఉంటే ఆయన క్లీనరును పంపి ఇనుప రాడ్డుతో ఒక్కో టైరూ కొట్టించి, ఆ చప్పుడు విన్నాడు. ఇంజను ఆపకుండా గాలి మీటరు ముల్లు పైకి చేరేదాకా చూశాడు. దిగుడు ఇంకా కనబడక ముందే సెకండ్ గేరు వేశాడు. వెనక ఒక కారు హారన్ మోగిస్తూ మమ్మల్ని దాటి మలుపు కోసుకొని పోయింది.

"రోడ్డు ఖాళీగానే ఉంది కదా మామా" అన్నాను.

"ఖాళీగుండేది మనకు కనపడేంత మేరకే గదా నాయనా. ఆ మలుపు అవతల ఏముండేది నాకు తెల్దు, నీకూ తెల్దు."

కింద చదునుకు వచ్చాక బండి పక్కకు ఆపాడు. దిగి వెనక చక్రం దగ్గర కూర్చొని, డ్రమ్ముకు జానెడు దూరంలో అరచేయి పట్టాడు. నన్నూ పట్టమన్నాడు. దించి కాసేపయిన పెనం దగ్గర చేయి పెట్టినంత వెచ్చదనం, అంతే.

"పద" అన్నాడు.