ఆదివారం కాని ఆరు రోజులు

మిషనరీ అనగానే మనకు గుర్తొచ్చేది ఆదివారం బొమ్మే. ఎండటోపీ పెట్టుకున్న దొర, చేతిలో బైబిలు, చింతచెట్టు కింద కూర్చున్న జనం. ఆ బొమ్మ అబద్ధమేమీ కాదు. కానీ అది వారంలో ఒక్క రోజుది. తక్కిన ఆరు రోజులూ ఆ మనిషి ఏం చేసేవాడు? ఏ భాషలో మాట్లాడేవాడు? ఖర్చులకు ఎవరు పంపేవారు? దేవుడి మీద భారం వేసి సముద్రాలు దాటి వచ్చినవాడికి, మంగళవారం మిట్టమధ్యాహ్నం ఎండలో ఆ నమ్మకం ఏ తీరుగా ఉండేది? సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతంలో నిలబడి అడగదగిన ప్రశ్నలే ఇవి. ఎందుకంటే ఇక్కడ మొదట కాపురం పెట్టిన ప్రొటెస్టెంట్ మిషనరీలు ఇంగ్లీషువాళ్లు కారు, అమెరికన్లూ కారు. రష్యా నుంచి వచ్చిన, జర్మన్ మాట్లాడే రైతు కుటుంబాల వాళ్లు.

వాళ్లను మెనోనైట్లు అంటారు. పదహారో శతాబ్దంలో ఐరోపాలో పుట్టిన చిన్న శాఖ. ఆయుధం పట్టరాదని, పసిపిల్లలకు కాక తెలిసి నమ్మినవారికే బాప్తిస్మం ఇవ్వాలని వాళ్ల పట్టు. ఆ పట్టు వల్లే వాళ్లను ఒకచోట నిలవనివ్వలేదు. హాలండ్, ఉత్తర జర్మనీల నుంచి ప్రష్యాకు, పద్దెనిమిదో శతాబ్దం చివర క్యాథరీన్ రాణి పిలుపు మీద దక్షిణ రష్యాకు చేరారు. ఇప్పుడది ఉక్రెయిన్. అక్కడ బీడు దున్ని గోధుమ పండించి స్థితిమంతులయ్యారు. 1860లో వాళ్లలోంచే మెనోనైట్ బ్రదరన్ అనే శాఖ చీలింది. వీళ్లకు సువార్త చెప్పాలన్న ఉత్సాహం ఎక్కువ. కానీ జార్ల రాజ్యంలో ఆర్థడాక్స్ చర్చి వాళ్లను వేరే శాఖలోకి తిప్పడం నేరం. పక్క ఊరి రష్యన్ రైతుకు చెప్పకూడని మాటను నిజాం రాజ్యంలోని తెలుగువాడికి చెప్పొచ్చు! దూరదేశపు మిషన్ల వెనక దైవపిలుపుతో పాటు ఇలాంటి సర్కారు చట్టాలు కూడా ఉంటాయి. ఈ సంగతి మిషన్ చరిత్రలు చదివేటప్పుడు మనం తరచూ మరిచిపోతాం.

ఆ రోజుల్లో తెలుగుదేశం పేరు ప్రపంచ బాప్తిస్టులందరి నోళ్లలోనూ ఉండేది. 1876-78 కరువు తర్వాత, 1878 జూలై 3న ఒంగోలు మిషన్ వారు ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. హాంబర్గ్ బాప్తిస్టు సెమినరీలో చదువుతున్న అబ్రహాం ఫ్రీసెన్‌ను కూడా తెలుగు మిషనే లాగింది. ముంచి బాప్తిస్మం ఇవ్వడంలో మెనోనైట్ బ్రదరన్‌కూ బాప్తిస్టులకూ తేడా లేదు కాబట్టి అమెరికన్ బాప్తిస్టు మిషన్ గొడుగు కింద పని చేయడానికి ఒప్పందం కుదిరింది. 1889లో అబ్రహాం, మరియా దంపతులు బయల్దేరారు. 1890లో నల్గొండలో మిషన్ స్టేషన్ పెట్టారు. 1900లో సూర్యాపేట స్టేషన్ మొదలైంది. అక్కడికి హ్యూబర్ట్ దంపతులు వెళ్లారు. కోదాడ, మిర్యాలగూడ వైపు పల్లెలన్నీ అప్పటి నల్గొండ జిల్లాలోవే.

ఇక ఆరు రోజుల సంగతి. కొత్తగా వచ్చినవాడికి మొదటి ఏడాదంతా ఒకటే పని: బడిపిల్లాడిలా అక్షరాలు దిద్దుకోవడం. పొద్దున చల్లటి వేళ తెలుగు నేర్పే మునిషీ వస్తాడు. బల్ల మీద ఆర్డెన్ తెలుగు వ్యాకరణం, బ్రౌణ్య నిఘంటువు. వచ్చినవాడికి ఇంట్లో ఒక యాస జర్మన్, ప్రార్థనలో గ్రాంథిక జర్మన్, పాత ఊళ్లో సర్కారు కాగితాలకు రష్యన్, అమెరికా వాళ్లకు రాసే ఉత్తరాలకు ఇంగ్లీషు. వీటి మీద ఇప్పుడు తెలుగు. నిజాం కచేరీలో పనిపడితే ఉర్దూ. మిషన్ సంఘాలు కొత్తవారికి తెలుగు పరీక్షలు పెట్టేవి. అవి దాటనిదే పూర్తి బాధ్యత ఇచ్చేవారు కారు.

ఇందులో ఒక చిక్కుంది. మునిషీ సాధారణంగా అగ్రకులాల వాడు; నేర్పేది పుస్తకాల తెలుగు. వినవలసినవాళ్లు ఎక్కువగా మాదిగవాడలో, మాలపల్లెలో ఉన్నారు. ఆరు నెలలు కష్టపడి నేర్చిన వాక్యం వాడలోకి వెళ్లేసరికి ఎవరికీ పట్టదు. అసలు తెలుగు నేర్పింది వాడలోని ముసలమ్మలు, పిల్లలు, వంటింట్లో పనివాళ్లు. హాంబర్గ్‌లో గంటసేపు ప్రసంగించగలిగిన మనిషి ఇక్కడ మంచినీళ్లు అడగడానికి తడబడాలి. వాగ్ధాటి ఉన్నవాణ్ణి నోరులేనివాణ్ణి చేసే ఆ ఏడాదే మిషనరీ విశ్వాసానికి మొదటి పరీక్ష అని నాకనిపిస్తుంది. పులులూ పాములూ ఆ తర్వాతి మాట.

భాష తర్వాత రాజ్యమేలేది కాలం. శీతాకాలం తిరిగే కాలం. దీపావళి దాటాక ఎడ్లబండ్ల మీద గుడారం, మడతమంచం, మందులపెట్టె, లాంతరు ఎక్కించుకుని పల్లెలు పట్టేవారు. ఎద్దుల నడక గంటకు మూడు నాలుగు కిలోమీటర్లు. ఇప్పుడు హైదరాబాద్ నుంచి రెండున్నర గంటల్లో సూర్యాపేటలో దిగుతున్నాం. బండి మీద ఆ దారి వారం రోజుల మాట. పల్లె చేరాక చెరువుగట్టు కింద గుడారం వేసేవారు. పగలు కూలికి పోయిన జనం పొద్దుగూకాక ఇల్లు చేరి, ఇంత జొన్నగటక తాగి తీరుబడి అయ్యాకే సభ. అంటే మిషనరీ పని పగటి పని కాదు, రాత్రి పని. ఈనాటి మిర్యాలగూడ వరిపొలాలు, రైసుమిల్లులు చూసి అప్పటి ఊళ్లను ఊహించుకోకూడదు. నాగార్జునసాగర్ నీళ్లు వదిలింది 1967లో. అంతకుముందు చెరువు కింద నాలుగు మళ్లు తప్ప మిగతాదంతా జొన్న, సజ్జ పండే మెట్ట.

ఎండాకాలంలో తిరుగుడు ఆగిపోయేది. ఓపిక, డబ్బు ఉన్నవాళ్లు కొడైకెనాల్ లాంటి కొండలకు వెళ్లేవారు. పిల్లల చదువు కూడా అక్కడే. కొండకు వెళ్లలేని తెలుగు బోధకులు ఇక్కడే, ఈ ఎండల్లోనే ఉండేవారు. వానాకాలంలో వాగులు పొంగి దారులు మూసుకుపోతే బడి, మందులు, లెక్కలు, బోధకులకు పాఠాలు.

వానలకు మతప్రచారకుడు కదలకుండా కూర్చోవడం ఈ నేలకు కొత్త కాదు. బౌద్ధ భిక్షువులకు వర్షావాసం నియమం: మూడు నెలలు ఒక్కచోటే ఉండాలి. సూర్యాపేట జిల్లాలోని ఫణిగిరిలో కొండ మీద విహారాలున్నాయి. నాగార్జునకొండలో ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని పద్నాలుగో ఏట వేయించిన శాసనం, బోధిసిరి అనే ఉపాసిక సింహళ థేరవాద ఆచార్యుల కోసం చైత్యగృహం కట్టించిందని చెబుతుంది. ఆ ఆచార్యులు కాశ్మీరం, గాంధారం, చీనా దాకా ధర్మం పట్టుకెళ్లినవారని కూడా అందులో ఉంది. ఇది మూడో శతాబ్దపు సంగతి. సింహళం నుంచి వచ్చిన ఆ భిక్షువులకు కూడా గూడు కల్పించినది ఒక ఆడమనిషే.

మిషన్ బంగళాలో నిజానికి ఎక్కువ గంటలు పని చేసింది దొరసానమ్మ. వరండాలో పొద్దున్నే జ్వరాల వాళ్లు, కురుపుల వాళ్లు వచ్చి కూర్చునేవారు. క్వినైన్, ఆముదం, కట్టుగుడ్డ ఆమె చేతుల మీదుగానే పోయేవి. ఆడపిల్లల హాస్టలు, కుట్టుపని, బైబిలు బోధించే స్త్రీలకు పాఠాలు, బియ్యం లెక్క, నూనె లెక్క ఆమెవే. నివేదికల్లో మాత్రం ఆమె పేరు భర్త పేరు పక్కన 'దంపతులు' అన్న మాటలో ఇమిడిపోతుంది. ఇదే వ్యాసంలో నేనూ పైన అలాగే రాశాను. దొరికే సమాచారం అలా ఉంది మరి.

ఇక డబ్బు. దక్షిణ రష్యాలో కోతలయ్యాక మెనోనైట్లు కృతజ్ఞతా పండుగ చేసుకుంటారు. ఆ రోజు మిషన్‌కు కానుకలు పోగవుతాయి. ఆడవాళ్లు కుట్టినవి వేలం వేసి ఆ సొమ్ము కూడా పంపుతారు. అంటే అక్కడ గోధుమ పండితే ఇక్కడ సూర్యాపేటలో బడి నడుస్తుంది. అందుకని ఉత్తరాలు రాయడం మిషనరీ దినచర్యలో ప్రార్థనంత ముఖ్యం. ఫ్రీసెన్ 'దాస్ ఎర్న్‌టెఫెల్డ్' అనే జర్మన్ పత్రిక నడిపాడు. పంటచేను అని అర్థం. రైతులకు రాసే పత్రికకు అంతకంటే తగిన పేరు ఉండదు.

ఈ ఉత్తరాలే ఇప్పుడు మనకు చరిత్ర. కాబట్టి ఒక జాగ్రత్త అవసరం. చందా ఇచ్చేవాడికి రాసే ఉత్తరంలో నిరాశ తక్కువగా, ఫలితం ఎక్కువగా ఉంటుంది. అబద్ధం రాశారని కాదు. బాప్తిస్మాల సంఖ్య రాసినంత సులువుగా, 'ఈ నెల ప్రార్థన చేయబుద్ధి కాలేదు' అని ఎవరు రాస్తారు? పైగా ఉత్తరం వెళ్లి జవాబు రావడానికి నెలలు. ఇంట్లో తల్లి పోయిన కబురు అందేసరికి ఆమె సమాధి మీద గడ్డి మొలిచి ఉంటుంది. ఇప్పటి మిషనరీల పరిస్థితి వేరు. హైదరాబాద్, విశాఖల్లోనూ కనిపించే మోర్మన్ చర్చి యువకులు రెండేళ్లు, ఎప్పుడూ జంటగానే ఉంటూ సేవ చేస్తారు. బట్టలు ఉతుక్కోవడానికి, సరుకులకు వారంలో ఒక రోజు. 2019 దాకా ఇంటికి ఏడాదిలో ఒకటి రెండు సార్లే ఫోను చేయనిచ్చేవారు, ఆ ఏడు నుంచి వారానికోసారి మాట్లాడుకోనిస్తున్నారు. దిగులు తగ్గుతుంది నిజమే. కానీ సగం మనసు ఎప్పుడూ ఇంట్లోనే ఉండిపోతుందేమో కూడా.

ఇప్పటిదాకా వచ్చినవాడి కష్టం చెప్పుకున్నాం. నమ్మినవాడి కష్టం దానికంటే చాలా పెద్దది. ఒంగోలు వైపు మాదిగలు సంఘంలో చేరాలంటే మూడు నియమాలుండేవి: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి చిన్నవే. కానీ జాతరలో డప్పు కొట్టడం, చచ్చిన గొడ్డును లాగడం, చెప్పులు కుట్టి ఇవ్వడం మాదిగల మీద ఊరు వేసిన పనులు. డప్పు కొట్టనంటే ఊరు ఊరుకుంటుందా? బావి, బాట, కూలి అన్నీ తెగిపోతాయి. తెలంగాణలో దీని మీద వెట్టి ఒకటి. దేశ్‌ముఖ్ గడి నుంచి పిలుపు వస్తే ఆదివారమా సోమవారమా అని అడిగే హక్కు ఎవరికీ లేదు. మిషనరీ దొరగారి విశ్వాసానికి వెనక అమెరికా సంఘం, రష్యా గోధుమ, బంగళా పైకప్పు ఉన్నాయి. చెప్పులు కుట్టేవాడి విశ్వాసానికి వెనక ఏమీ లేదు. బెడిసికొడితే ఆ దొర ఓడెక్కి ఇంటికి పోగలడు. ఇతను అదే వాడలో, అదే దేశ్‌ముఖ్ ఎదుట బతకాలి. విశ్వాసం ఎవరిది గట్టిదని అడిగితే నేను రెండోవాడి వైపే వేలు చూపిస్తాను.

పల్లెల్లో పని నడిపింది కూడా అతనిలాంటివాళ్లే. మిషనరీ ఒక ఊరికి ఏడాదిలో ఒకసారి వస్తే గొప్ప. మిగతా రోజులు రాత్రి దీపం పెట్టి పాటలు నేర్పి, చావుకు పెళ్లికి నిలబడి, పిల్లలకు ఓనమాలు దిద్దించింది తెలుగు బోధకుడు, అతని భార్య. వాళ్ల పేర్లు జర్మన్ పత్రికల్లో తక్కువ.

1914లో యుద్ధం వచ్చింది. నెల్లూరు, తిరుపతి వైపు పనిచేస్తున్న హెర్మన్స్‌బర్గ్ లూథరన్ మిషనరీలు జర్మన్ పౌరులు కాబట్టి బ్రిటిష్ సర్కారుకు శత్రువులయ్యారు. నిర్బంధాలు, పంపివేతలు జరిగాయి. సూర్యాపేట, నల్గొండల్లో ఉన్నవాళ్ల భాష కూడా జర్మనే. కానీ కాగితాల మీద జార్ ప్రజలు, రష్యా బ్రిటన్ పక్షం. ఆ విధంగా వాళ్లు శత్రువుల లెక్కలోకి రాలేదు. అసలు దెబ్బ 1917 విప్లవంతో తగిలింది. మెనోనైట్ ఊళ్లు దోపిడీల్లో, అంతర్యుద్ధంలో, ఆ వెంటనే వచ్చిన కరువులో చితికిపోయాయి. పంపే చేతులే అన్నానికి చాచవలసి వచ్చింది. సొమ్ము ఆగిపోయి, ఈ స్టేషన్ల భారం అమెరికన్ బాప్తిస్టుల మీద పడింది. పల్లె సంఘాలు మాత్రం నిలబడ్డాయి. 1962లో ఈ సంఘాలు తెలుగు బాప్తిస్టు సంఘాల సమావేశంగా ఏర్పడినప్పుడు వాటిని నడపడానికి పరదేశపు మనిషి అవసరం అంతగా లేకపోయింది.

ఈ కథకు తెలుగువాడే పరదేశానికి వెళ్లిన రూపం కూడా ఉంది. 1860 నుంచి నాటాల్ చెరకు తోటలకు, టీ తోటలకు తెలుగు కూలీలు ఒప్పందం మీద వెళ్లారు. వాళ్లలో బాప్తిస్టులు తమకు బోధకుడు కావాలని కబురు పంపారు. 1903లో నెల్లూరు నుంచి జాన్ రంగయ్య కుటుంబంతో డర్బన్‌లో దిగాడు. పంపింది తెలుగు బాప్తిస్టుల సొంత మిషన్ సంఘం. ఆ డిసెంబరు 27న కియర్స్నీ టీ తోటలో అక్కడి మొదటి తెలుగు బాప్తిస్టు సంఘం మొదలైంది. రంగయ్యకు మునిషీ అక్కర్లేదు, వినేవాళ్లది తన భాషే. బంగళా మర్యాద కూడా లేదు. తెల్లవాళ్ల లెక్కలో తోటలోని కూలీ, కూలీకి బోధించేవాడు ఒకే రంగు మనుషులు. ఒప్పందం తీరినా అక్కడే ఉండిపోయిన కూలీ ఏటా మూడు పౌన్ల పన్ను కట్టాలి. ఆ బరువు మోస్తున్న జనానికి, పగలంతా తోటపని అయ్యాక, రాత్రిపూట ఆయన ప్రార్థన పెట్టాడు. అచ్చం సూర్యాపేట పల్లెల్లో లాగే. 1914లో నాటాల్ భారతీయ బాప్తిస్టు సంఘాన్ని ఏర్పరిచాడు. మరుసటి ఏడు అక్కడే చనిపోయాడు. ఆ సంఘాన్ని ఆ తోటల జనమే నడుపుకున్నారు.