వైద్యవిద్యార్థులు - దేశీయవైద్యము

వైద్యవిద్యార్థి తన చదువునకు వెచ్చించు అయిదున్నర యేండ్లలో శరీరమునందలి యెముకల లెక్కయు, నాడుల నడకయు, ఒక్కొక్క మందు కాలేయమునందును మూత్రపిండములందును పొందు మార్పులును నేర్చుకొనుచున్నాడు. రేపు తన యెదుట కూర్చుండబోవు రోగి ఇంటికడ నే కషాయము త్రాగి వచ్చినాడో, ఏ భస్మమును తేనెతో రంగరించి నాకి వచ్చినాడో అడిగి తెలిసికొనుట మాత్ర మాతనికి నేర్పువా రరుదు. నేర్పకపోగా, అట్టి మాట రోగి నోట వెలువడినప్పుడు పెద్దలు పెదవి విరుచుటయు, తోడివారు నవ్వుటయు చూచి ఆతడును నవ్వుట నేర్చుకొనుచున్నాడు. పాఠ్యగ్రంథములలో లేని యీ పాఠము తక్కిన పాఠములకంటె గట్టిగా నాటుకొనును.

ఆ నవ్వు ఖరీదెంతయో ఒక్క కామెర్ల వ్యాధిని చూచిన తెలియగలదు. మన పల్లెలలో కామెర్లకు పసరు పుచ్చుకొనుట నేటికిని వాడుకలో నున్నది. కలుషితమైన నీటివలన వచ్చు కామెర్లు పెక్కుమందికి పసరు త్రాగినను త్రాగకున్నను కొలది వారములలో వానియంతట నవియే తగ్గిపోవును. తగ్గగానే కీర్తి పసరునకు దక్కును. ఊరంతయు సాక్ష్యము పలుకును. ఇందు ఊరివారి మౌఢ్యమేమియు లేదు. వారు కన్నులార చూచినదే చెప్పుచున్నారు. అయితే పిత్తనాళమున రాయి అడ్డుపడుటవలనను, క్లోమమున పుట్టిన పుండువలనను గూడ కన్నులు పచ్చబడును. అట్టి రోగికి పసరువాని యింట గడచిన ఆరు వారములు శస్త్రచికిత్సకు మిగిలియున్న అదనును హరించివేయును. పాముకాటు సంగతియు నిట్టిదే. కరచిన పాములలో విషము లేనివే అనేకములు. విషసర్పము సైతము ప్రతి కాటునను విషము దింపదు. కావున మంత్రము వేయించుకొన్నవారు పెక్కుమంది బ్రతుకుదురు. విషము నిజముగా ఎక్కినవాడు మాత్రము మంత్రగాని వాకిట మరణించును. ఈ సంగతులు రోగి బంధువులకు నొప్పింపక విడమరచి చెప్పగల విద్యార్థులు మన కెందరు గలరు? నవ్వినవానికి ఈ విడమరుపు అలవడదు.

ఈ తిరస్కారము మనవారికి పుట్టుకతో వచ్చినది కాదు. 1835లో కలకత్తా వైద్యకళాశాలను నెలకొల్పునప్పుడు ప్రభుత్వము సంస్కృతకళాశాలలోని ఆయుర్వేదబోధనను నిలిపివేసెను. అయినను, అంతకుముందు ఆ సంస్కృతకళాశాలలోనే ఆయుర్వేదము బోధించిన మధుసూదనగుప్తుడే 1836లో క్రొత్త కళాశాలలో శవచ్ఛేదమునకు మొదట చేయి సాచెను. ఒక విద్య నేర్చినవాడు రెండవదానిని ద్వేషింప నవసరములేదని ఆయన నూటతొంబది యేండ్లనాడే చూపినను, ప్రభుత్వపు కొలువులును గౌరవమును ఒక్క ప్రక్కనే చేరుటచే విద్యార్థుల మనస్సులును ఆ ప్రక్కకే ఒరిగినవి.

చెన్నరాజధానిలో జరిగిన ప్రయత్న మింకను గమనింపదగినది. 1921లో ఏర్పడిన ఉస్మాన్ సంఘము 1923లో తన నివేదిక సమర్పించెను. పిదప దేశీయవైద్యపాఠశాల వెలసెను. కెప్టెన్ జి. శ్రీనివాసమూర్తిగారు దానికి ప్రథమాధ్యక్షులైరి. ఆయుర్వేద, సిద్ధ, యునానీలతోపాటు పాశ్చాత్యవైద్యశాస్త్రభాగములను గూడ నేర్పుట అచ్చటి యుద్దేశము. దశాబ్దములు గడచునప్పటికి అచ్చటి చదువు ఆధునికవైద్యమువైపే మొగ్గుచు వచ్చినది. తుద కా సంస్థయే 1960లో కీల్పాక్ వైద్యకళాశాలగా మారిపోయినది. దీనికి విద్యార్థులను నిందించుట సులభము, న్యాయము కాదు. రెండు విద్యలు నేర్పి, ఒక్కదానికే ఎక్కువ జీతమును, ఎక్కువ మర్యాదయు నిచ్చినచో యువకు డేది కోరునో వేరుగ చెప్పనక్కరలేదు.

ఆంధ్రులు గర్వింపదగిన ఉదాహరణ మొకటి గలదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు చెన్నపట్టణమున వైద్యము చదువుచు, ఖద్దరు ధరించి శస్త్రచికిత్సాశాలకు పోయినందున ఆచార్యుని యాగ్రహమునకు పాత్రుడై, ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు దానికి తక్కువదగు ఎల్.ఎం.ఎస్. తో సరిపెట్టుకొనవలసివచ్చెను. అప్పు డాయనకు కొలువిచ్చినది ఆయుర్వేదకళాశాల. పాశ్చాత్యవైద్యమున పట్టభద్రులయ్యును ఆయుర్వేదసేవకు పూనుకొనిన ఆచంట లక్ష్మీపతిగారి ఆశ్రయమున ఆయన శరీరశాస్త్రము బోధించెను. సోదరులను బలిగొనిన స్ప్రూ అను గ్రహణివ్యాధి తన్నును పట్టగా లక్ష్మీపతిగారి చికిత్సచే కోలుకొనెనని ఆయన చరిత్ర వ్రాసినవారు చెప్పుదురు. పిదప ఆయన అమెరికా చేరెను. తరువాతి కాలమున లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వమున సిద్ధమైన ఫోలిక్ ఆమ్లము ఆ స్ప్రూ వ్యాధికే ఔషధమయ్యెను. తన్ను స్వస్థపరచిన వైద్యమును ఆయన నవ్వి త్రోసివేయలేదు. దానితో తనివినొంది నిలిచిపోనును లేదు.

అట్టి మనఃస్థితి నేటి వైద్యవిద్యలో ఎచ్చట పెంపొందుచున్నది? 2014లో కేంద్రమున ఆయుష్ మంత్రిత్వశాఖ వేరుగా ఏర్పడినపిమ్మట వాదములకు మాత్రము కొదవలేదు. 2020 నవంబరులో ఆయుర్వేదమున ఉన్నతపట్టము పొందువారికి 58 శస్త్రచికిత్సలలో శిక్షణ నొసగు నియమము వెలువడగా, డిసెంబరు 11న ఆధునికవైద్యులు దేశమంతట పని నిలిపిరి. 2022 ఏప్రిలులో మదురై వైద్యకళాశాల విద్యార్థులచే చరకుని పేర ప్రమాణము చేయించినందుకు ఆ కళాశాలాధిపతిని పదవినుండి తప్పించిరి. ప్రమాణ మే మహర్షి పేర చేసినను రోగి నాడి మారదు. రెండు పక్షములవారును విద్యార్థిని తమ జెండా మోయుటకు పిలుచుచున్నారేగాని, మందు పరీక్షించుటకు పిలుచుట లేదు.

పరీక్షించినచో లభించున దేమో మన మెరుగుదుము. సర్పగంధ రక్తపుపోటును తగ్గించునని 1931లో గణనాథసేన్, కార్తికచంద్రబోసు గారలు ప్రకటించిరి. 1952లో దానినుండి రిసర్పిన్ వేరుచేయబడెను. చీనాదేశపు ప్రాచీనగ్రంథమున నొక మూలిక ప్రస్తావన చదివి ఆర్టిమిసినిన్ అను మలేరియా మందును సాధించిన తూ యూయూ 2015లో నోబెల్ బహుమాన మందుకొనెను. దోషములును పరీక్షయందే బయటపడును. బోస్టన్ ప్రాంతపు అంగళ్లలో అమ్ముచున్న 70 ఆయుర్వేదౌషధములను పరీక్షింపగా 14 ఇంటిలో సీసము, పాదరసము, పాషాణములలో ఏదియో యొకటి యుండెనని 2004లో తేలినది. కోవిడు దినములలో ఇంటింట త్రాగిన తిప్పతీగ రసమువలన కొందరి కాలేయము చెడినదని 2021లో బొంబాయి వైద్యులు ప్రకటింపగా, ఆయుష్ శాఖ ఆక్షేపించెను. ఇట్టి వివాదమును తీర్చువాడు సాక్ష్యము చదువ నేర్చినవాడే. తన కులవిద్య యనియో, పరాయివిద్య యనియో ముందుగ నిశ్చయించుకొనినవాడు కాడు.

అన్నిటికంటె ప్రమాదకరమైనది రోగి మౌనము. అమెరికాలో 1990లో మూడింట నొక్కవంతు జనము శాస్త్రసమ్మతము కాని చికిత్సల నేవో వాడిరనియు, వారిలో నూటికి 72 మంది తమ డాక్టరుకు ఆ సంగతి చెప్పలేదనియు ఐసెన్‌బర్గ్ ప్రభృతులు 1993లో ప్రకటించిరి. మన దేశమున ఈ మౌనము తక్కువని తలపరాదు. కీళ్లనొప్పులకు పొట్లములలో అమ్ము నల్లగుళికలలో స్టిరాయిడులు కలిపియుండుట పలుమారులు బయటపడినది. సంవత్సరములకొలది వానిని మ్రింగిన వృద్ధుడు అవి హఠాత్తుగా మానిన, శరీరము క్రుంగి ఆస్పత్రికి వచ్చును. గుళికల మాట ఎవ్వరు నడుగనిచో ఆ క్రుంగుటకు కారణము దొరకదు. మధుమేహమునకు ఇన్సులిను మాని చూర్ణము నారంభించిన బాలుని తండ్రియు, డాక్టరు కోపగించునేమోయని ఆ మాట దాచును. దాచినంత కాలము ఆ బిడ్డ ప్రాణము దారమున వ్రేలాడును.

జాతీయ వైద్య కమిషన్ 2021 నియమములలో హౌస్ సర్జనులకు భారతీయవైద్యపద్ధతులలో వారము దినముల శిక్షణకు తావు కల్పించినది. వారము స్వల్పమే, ఆ స్వల్పమును కాగితముపై సంతకములతో గడిపివేయకున్న బాగుండును. విజయవాడలో సిద్ధార్థ వైద్యకళాశాలయు, నోరి రామశాస్త్రిగారి పేరిటి ఆయుర్వేదకళాశాలయు ఒక్క పట్టణముననే యున్నవి. హైదరాబాదులో ఉస్మానియా, ఎర్రగడ్డ ఆయుర్వేదకళాశాల, చార్మినారు చెంతనున్న నిజామియా తిబ్బీకళాశాల బస్సు ప్రయాణపు దూరముననే గలవు. ఈ వారమున హౌస్ సర్జను ఆయుర్వేదాస్పత్రి ఓ.పి.లో కూర్చుండి, ఏ రోగి ఏ మందు ఎందులకు కోరి వచ్చుచున్నాడో వ్రాసికొనవలయును. ఆయుర్వేదవిద్యార్థి పెద్దాస్పత్రి అత్యవసరవిభాగమున రాత్రులు నిలిచి, పసరు త్రాగి ఆలస్యముగా వచ్చిన కామెర్ల రోగిని కన్నులార చూడవలయును. ఇంటికడ వాడిన మందుల పేళ్లు వ్రాయుటకు కేసుషీటున నొక గడి యేర్పరచి, అది ఖాళీగా విడిచిన విద్యార్థికి చివరి పరీక్షలో మార్కులు తగ్గింపవలయును. దీనికి శాసనసభల తీర్మానము లక్కరలేదు. కళాశాలాధిపతు లిరువురు ఒక సాయంకాలము కూర్చుండి మాటలాడుకొనిన చాలును.