డచ్చి సమాసముల అతుకులు

మచిలీపట్టణములో ఒకప్పుడు వర్తకము చేసిన డచ్చివారిని తెలుగువారు వలందులు అనేవారు. వారి భాషలో నామములను ఎంత పొడవుగానైనా కూర్చవచ్చును. జబ్బుచేసి పని చేయలేనివారికి నెదర్లాండ్సులో ఒక బీమా ఉన్నది. దాని పేరు ‘అర్బైట్స్‌ఒంఖెస్ఖిక్ట్‌హైట్స్‌ఫర్‌జేకరింగ్’. రోమను లిపిలో 33 అక్షరములు. నడుమ ఎక్కడా ఎడము లేదు!

దీనిని విప్పి చూతము. ‘అర్బైట్’ అనగా పని. ‘ఖెస్ఖిక్ట్’ అనగా తగిన. దానికి ముందు ‘ఒన్’, వెనుక ‘హైట్’ చేర్చగా తగనితనము. ‘ఫర్‌జేకరింగ్’ బీమా. నడుమ రెండుచోట్ల వచ్చిన సకారము అతుకు మాత్రమే. అది పూర్వపు షష్ఠీవిభక్తి ప్రత్యయమునుండి పుట్టినది. కాని ఆ ప్రత్యయము ఎన్నడూ చేరని ‘హైట్’ వంటి స్త్రీలింగ పదములకు కూడ నేడు చేరుచున్నది.

మన తత్పురుషమునందువలె ఇక్కడను చివరి పదమే ప్రధానము. ‘వాటర్‌పోంప్’ నీటిపంపు, ‘పోంప్‌వాటర్’ పంపునీరు. సమాసము లింగము కూడ చివరి పదముదే.

ఇక ఉచ్చారణ సంగతి. ‘హాండ్’ అనగా చేయి. డకారముతో వ్రాసినను ‘హంట్’ అని పలుకుదురు. ఉచ్చారణ ఖండము చివర సరళము పరుషమగుట ఆ భాష నియమము. బహువచనమైన ‘హండెన్’లో డకారము ‘హన్‌-డెన్’ అని రెండవ ఖండములోనికి జారి సరళముగానే నిలుచును. మరి ‘హాండ్’కు ‘అర్బైట్’ చేరి చేతిపని అను సమాసమైనప్పుడో? తరువాత అచ్చు ఉన్నది కనుక ‘హన్‌-డర్‌-బైట్’ కావలెనని తోచును. కాని డచ్చివారు ‘హంట్‌-అర్‌-బైట్’ అందురు. సూర్య, ఉదయములు కలిసి సూర్యోదయమైనట్లు అక్కడ అతుకు కరగిపోదు. కంటికి కనపడని ఆ ఎడము చెవికి వినబడును.

చిక్కు వచ్చునది అచ్చులో, పంక్తి చివర పదమును విరువవలసినప్పుడు. అతుకు దగ్గరనే విరువవలెనని నియమము. కాని అతుకు ఏది? ‘క్వార్ట్స్‌లాఖెన్’ అను మాటను సకారము తరువాత విరిచిన పలుగురాతి పొరలు. సకారమునకు ముందు విరిచిన పావు తిప్పుళ్ళు! రెండు విధములను ధ్వనినియమములు ఒప్పుకొనును. మర్దన మంచమునకును, సామూహిక ప్రార్థనకును డచ్చిలో అక్షరముల వరుస ఒక్కటే. అచ్చుపని చేయువాడు ఏమరిన చదువరి పాట్లు చెప్పనక్కరలేదు. 1983లో ఫ్రాంక్లిన్ లియాంగ్ కంప్యూటరు కొరకు కూర్చిన విరుపు పద్ధతి, డచ్చికి కూడ అనువైనదే, అక్షరముల వరుసలనే చూచును. అర్థము దానికి పట్టదు గనుక ఇట్టి మాటల తగవు అది తీర్చలేదు.

ఒక్కచోట మాత్రము లిపియే అతుకును చూపును. ‘జే’ అనగా సముద్రము, ‘ఏంట్’ అనగా బాతు. రెండును కలిసిన రోమను లిపిలో ఒకే అచ్చు నాలుగు మారులు వరుసగా వచ్చి కన్ను చెదరును. పూర్వము మూడవ దానిపై రెండు చుక్కలు పెట్టేవారు. 1996లో అమలైన వర్ణక్రమము ప్రకారము నడుమ అడ్డగీత గీయుదురు.