గోడను కాచు వస్త్రము

1995 ఏప్రిల్ 19న అమెరికాలోని ఓక్లహోమా నగరమున ప్రభుత్వ భవనమొకటి బాంబుపేలుడునకు కూలి 168 మంది అసువులు బాసిన దుర్దినమున, చుట్టుపట్ల భవనములలోని అనేకులను గాయపరచినవి ఎగిరివచ్చిన గాజుపెంకులే. గాజువలెనే, రక్షణ నిచ్చు గోడయే పగిలి శరపరంపరయై లోనివారిపై పడుట యెంత దారుణము!

ఇటుక పెళుసైనది, వస్త్రమట్లు గాదు. కెవ్లార్ వంటి దృఢమైన నారలను పడుగుపేకలుగా నేసి, రెజిన్ ద్రవమున తడిపి, గోడ లోపలిముఖమున అతికించినచో, దెబ్బతిన్న పోగు తన భారమును తన్నల్లుకొనిన పోగులకెల్ల పంచుచు, కొంత సాగుచు, ఆ శక్తిని హరించును. గోడ చీలినను శకలములు సంచిలోవలె చిక్కి నిలుచును. మన మగ్గమెరిగిన ఈ పరస్పరాశ్రయమే ఇందలి బలమని నాకు తోచును. అయితే వస్త్రపుటంచులను నేలకును పైకప్పునకును గట్టిగా బిగింపవలెను; లేనిచో ఎంతటి నేతయైనను గోడతోపాటు ఊడిపడును.

అమెరికా రక్షణశాఖ కార్యాలయమైన పెంటగాన్ భవనమున నవీకరించిన భాగపు గోడలలో ఉక్కుదూలముల నడుమ శకలములను అడ్డగించు వస్త్రమును అమర్చియుండిరి. 2001 సెప్టెంబరు 11న ఉగ్రవాదులు దారిమళ్లించిన విమానము ఢీకొన్నది ఆ భాగమునే.