డయాటమ్ పరీక్ష

డయాటమ్ పరీక్ష న్యాయవైద్య శాస్త్రములోని ఒక పరీక్ష. నీటిలో దొరికిన శవము మునిగి మరణించిన వ్యక్తిదా, లేక మరణానంతరము నీటిలో పడవేయబడినదా అని తేల్చుటకు ఇది తోడ్పడుతుంది.

సూత్రము

డయాటమ్‌లు సిలికా కవచము గల ఏకకణ శైవలాలు. మునుగుతున్న వ్యక్తి శ్వాస పీల్చినపుడు ఇవి నీటితోపాటు ఊపిరితిత్తుల వాయుగోణులను చేరుతాయి. గుండె కొట్టుకొనుచున్నంతవరకు వీటిలో మిక్కిలి చిన్నవి రక్తములో కలసి కాలేయము, ఎముక మూలుగ వరకు వెళతాయి. మరణానంతరము ఊపిరితిత్తులలోకి నీరు చొరబడవచ్చును గాని, రక్తప్రసరణ లేనందున డయాటమ్‌లు మూలుగను చేరవు.

విధానము

తొడ ఎముక మూలుగను నత్రికామ్లముతో కరిగించి, కరగక మిగిలిన సిలికా కవచములను సూక్ష్మదర్శినితో పరిశీలిస్తారు. ఘటనాస్థలములోని నీటి నమూనాతో వాటిని పోలుస్తారు.

కోనసీమలో అన్వయము

కొత్తపేట, అమలాపురం ప్రాంతపు పంటకాలువలలో గోదావరి మంచినీరు పారుతుంది. రాజోలుకు దిగువన, అంతర్వేది వద్ద వసిష్ఠ పాయ సముద్రములో కలిసేచోట నీరు ఉప్పన. ఈ రెండు నీళ్ళలో డయాటమ్ జాతులు వేరు. కనుక సముద్రతీరాన దొరికిన శవములో మంచినీటి జాతులే కనబడితే, మునక ఎగువన జరిగియుండవచ్చును. అయితే వరదకాలములో మంచినీరు సంగమము వరకు వస్తుంది. అందుచేత నీటి నమూనాను ఆలస్యము లేకుండా సేకరించాలి.

పరిమితులు

డయాటమ్‌లు కనబడనంత మాత్రాన మునక కాదని చెప్పరాదు. పరికరములు కడిగిన నీటి నుండి కూడా ఇవి చేరవచ్చును. కావున శవపరీక్షలోని ఇతర ఆనవాళ్ళతో కలిపియే నిర్ణయానికి రావాలి.