6. ప్లవకాల శిలాజాలు – ఆకార మార్పుల ద్వారా పరిణామ అధ్యయనం

6.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• పరిణామ అధ్యయనానికి ఫోరామినిఫెరాలు ఎందుకు అనువైనవో వివరించగలుగుతారు.
• కర్పరాల ఆకారాన్ని కొలిచే పద్ధతిని వర్ణించగలుగుతారు.
• కొలతల నుంచి తీసే నిర్ధారణలకు ఉన్న పరిమితులను గుర్తించగలుగుతారు.

6.1 పరిచయం

జీవులు కాలక్రమంలో మారాయని చెప్పడం ఒక ఎత్తు. ఆ మార్పు ఏ వేగంతో, ఏ తీరులో జరిగిందో చూపడం మరొక ఎత్తు. 1859లో ‘జాతుల ఉత్పత్తి’ గ్రంథం ప్రచురించిన చార్లెస్ డార్విన్‌కే ఈ ప్రశ్న ఎదురైంది. మార్పు నెమ్మదిగా జరిగి ఉంటే మధ్యస్థ రూపాలు శిలల్లో ఎందుకు అరుదు? శిలాజ చరిత్ర చాలా భాగం చెరిగిపోయిందని ఆయన సమాధానమిచ్చారు. 1972లో నైల్స్ ఎల్డ్రెడ్జ్, స్టీఫెన్ జే గూల్డ్ మరొక సమాధానం ఇచ్చారు. జాతులు చాలా కాలం దాదాపు మారకుండా ఉంటాయనీ, ఒక జాతి నుంచి మరొకటి చీలే సమయంలోనే, స్వల్ప కాలంలో మార్పు జరుగుతుందనీ వారు వాదించారు.

ఈ రెండింటిలో ఏది నిజమో తేల్చాలంటే ఖాళీలు లేని చరిత్ర కావాలి. అటువంటి చరిత్ర సముద్రపు అడుగున ఉన్న బురదలో దొరుకుతుంది.

6.2 ఫోరామినిఫెరాల ప్రత్యేకత

ఫోరామినిఫెరాలు ఏకకణ జీవులు. వీటిలో ప్లవక రూపాలు సముద్రపు పై పొరల్లో తేలుతూ జీవిస్తాయి. ఇవి కాల్షియం కార్బొనేట్‌తో ఒక్కొక్క గదినే చేర్చుకుంటూ కర్పరాన్ని నిర్మిస్తాయి. చాలా జాతుల్లో కర్పరం 1 మి.మీ. కన్నా చిన్నది. జీవి నశించాక ఖాళీ కర్పరం అడుగుకు చేరి అవక్షేపంలో కలుస్తుంది.

దీనివల్ల మూడు ప్రయోజనాలున్నాయి. ఒకటి, లోతైన సముద్రంలో అవక్షేపం అనేక చోట్ల లక్షల ఏళ్లపాటు తెగకుండా పేరుకుంటుంది. రెండు, చిటికెడు బురదలోనే వందలాది కర్పరాలు దొరకవచ్చు. అందువల్ల ఒక్క నమూనాను కాక, ఒక జనాభా సగటును పోల్చవచ్చు. మూడు, తొలి గదులు కర్పరంలోనే నిలిచి ఉండటంవల్ల జీవి పెరుగుదల క్రమం కూడా తెలుస్తుంది.

6.3 హిందూ మహాసముద్రం నుంచి ఒక ఉదాహరణ

బంగాళాఖాతం నుంచి దక్షిణంగా సాగే సముద్రగర్భ పర్వతశ్రేణిని ‘తొంభై తూర్పు రిడ్జ్’ అంటారు. 90 డిగ్రీల తూర్పు రేఖాంశం వెంబడి ఉన్నందున దానికి ఆ పేరు. 1972లో గ్లోమార్ చాలెంజర్ అనే నౌక ఈ శ్రేణిపై 214వ స్థానంలో తవ్వి అవక్షేపపు స్తంభాలను వెలికితీసింది. మాల్మ్‌గ్రెన్, బెర్గ్రెన్, లోమన్ ఈ స్తంభాలలోని ఒక వంశక్రమాన్ని పరిశీలించి 1983లో ఫలితాలు ప్రకటించారు.

ఆ వంశక్రమంలో పూర్వజాతి గ్లోబోరొటాలియా ప్లీసియోట్యుమిడా. దాని వారసజాతి గ్లోబోరొటాలియా ట్యుమిడా. ‘ట్యుమిడా’ అంటే లాటిన్‌లో ఉబ్బినది అని అర్థం. పేరుకు తగినట్లే వారసజాతి కర్పరం పెద్దది, ఉబ్బెత్తుగా ఉంటుంది. ఈ జాతి నేటికీ ఉష్ణమండల సముద్రాల్లో జీవిస్తోంది.

6.4 ఆకారాన్ని కొలవడం

కంటితో చూసి ‘ఇది ఉబ్బెత్తు’ అనడం సరిపోదు. ఇద్దరు పరిశీలకులు ఏకీభవించకపోవచ్చు. అందుచేత కొలత కింది మెట్లలో సాగుతుంది.

అ) బురదను కడిగి, జల్లెడ పట్టి, కర్పరాలను వేరుచేస్తారు.
ఆ) ప్రతి కర్పరాన్నీ ఒకే భంగిమలో, అంచు వైపు నుంచి కనిపించేలా నిలుపుతారు.
ఇ) దాని బాహ్యరేఖను గీసి, ఆ రేఖపై సమాన దూరాల్లో బిందువులు గుర్తిస్తారు.
ఈ) ఒక బిందువు నుంచి తరువాతి దానికి రేఖ ఎంత వంగిందో లెక్కిస్తారు. పరిమాణ ప్రభావాన్ని తొలగించడంవల్ల ఆకారం మాత్రమే మిగులుతుంది.
ఉ) కర్పరాల మధ్య తేడాలను గణాంక పద్ధతిలో కొద్ది సంఖ్యలకు కుదించి, ప్రతి పొరకూ సగటు తీస్తారు.

ఈ సగటులను కాలానికి ఎదురుగా గీస్తే పరిణామ రేఖాచిత్రం వస్తుంది.

6.5 ఫలితం

పరిశీలించిన కాలం సుమారు 1 కోటి సంవత్సరాలు. ఆకారంలో ప్రధాన మార్పు మాత్రం 56 లక్షల నుంచి 50 లక్షల ఏళ్ల క్రితం వరకు, అంటే 6 లక్షల ఏళ్లలో జరిగింది. అంతకు ముందు, ఆ తరువాత ఆకారం హెచ్చుతగ్గులకు లోనైనా, ఒక దిశలో సాగలేదు. అయితే ఆ 6 లక్షల ఏళ్లలో మార్పు మెట్టుమెట్టుగా, మధ్యస్థ రూపాల మీదుగా సాగింది. వంశం రెండుగా చీలలేదు. ఒక జాతే మరొకటిగా మారింది. అందుకే పరిశోధకులు దీనిని పై రెండు వాదాల్లో దేనికీ పూర్తిగా చేర్చకుండా ‘విరామయుత క్రమపరిణామం’ అన్నారు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. 10 లక్షల ఏళ్లకు ఒక నమూనా తీసి ఉంటే ఇదే మార్పు ఒక్క గెంతుగా కనిపించేది. మార్పు జరిగిన కాలంలో 5 నుంచి 15 వేల ఏళ్ల వ్యవధితో నమూనాలు తీసినందువల్లనే మధ్యస్థ రూపాలు బయటపడ్డాయి.

6.6 జాగ్రత్తలు

నమూనాలను ఎంత దగ్గరగా తీసినా ఒక హద్దు ఉంది. సముద్రపు అడుగున పురుగులు బురదను కలియతిప్పుతాయి. వెయ్యేళ్లకు 2 సెం.మీ. పేరుకునే చోట 10 సెం.మీ. మందం కలిసిపోతే, 5 వేల ఏళ్ల కర్పరాలు ఒకే పొరలో చేరతాయి.

ఇతర కారణాలను కూడా పరిశీలించాలి. వేరే ప్రాంతం నుంచి కొత్త రూపం వలస వచ్చి ఉంటే, ఒకే పొరలో రెండు వేర్వేరు గుంపులు కనిపించాలి. ఒకే గుంపు సగటు క్రమంగా జరిగితే అక్కడే మార్పు జరిగిందని భావించవచ్చు. లోతైన నీటిలో పలుచని కర్పరాలు ముందుగా కరిగిపోయి సగటును తప్పుదారి పట్టించవచ్చు. దిశ లేని యాదృచ్ఛిక అడుగులు కూడా కొన్నిసార్లు ఒక దిశలో సాగినట్లు కనిపిస్తాయి. అన్నిటికీ మించి, కర్పరం జీవి మొత్తం కాదు. నేటి ప్లవక ఫోరామినిఫెరాల డీఎన్ఏను పరీక్షించినప్పుడు, ఒకే రూపం వెనుక ఒకటికి మించిన జన్యు రకాలు ఉన్నట్లు తేలింది. కాబట్టి ఆకారం మారలేదంటే పరిణామం ఆగిందని అర్థం కాదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. ఆకారాన్ని పోల్చేటప్పుడు పరిమాణ ప్రభావాన్ని ఎందుకు తొలగిస్తారు?
2. వెయ్యేళ్లకు 2 సెం.మీ. చొప్పున అవక్షేపం పేరుకుంటే, 6 లక్షల ఏళ్ల చరిత్ర ఎన్ని మీటర్లలో ఉంటుంది? (జవాబు: 12 మీటర్లు)

6.7 సారాంశం

ప్లవక ఫోరామినిఫెరాలు తెగని శిలాజ చరిత్రను అందిస్తాయి. బాహ్యరేఖల కొలతల ద్వారా పరిణామ వేగాన్ని అంచనా వేయవచ్చు. 214వ స్థానంలోని వంశక్రమంలో దీర్ఘమైన నిలకడ, దాని నడుమ క్రమమైన మార్పు రెండూ కనిపించాయి. పరిణామం నెమ్మదిగా జరిగిందా, వేగంగా జరిగిందా అని అడిగే ముందు, దానిని ఎంత కాలవ్యవధితో కొలిచారో అడగాలి.

6.8 నమూనా పరీక్షా ప్రశ్నలు

1. ఫోరామినిఫెరా కర్పరాల ఆకారాన్ని కొలిచే పద్ధతిని మెట్ల వారీగా వివరించండి.
2. శిలాజాల్లో కనిపించే ఆకార మార్పును పరిణామంగా నిర్ధారించే ముందు పరిశీలించవలసిన ఇతర కారణాలను చర్చించండి.