పరాన్నజీవులు – వాని భేదములు

భద్రాద్రి రాముని సేవించి పర్ణశాలకు పోవు భక్తులు రేగు పొదలమీద పసుపు దారములవలె అల్లుకొన్న తీగను చూచియే యుందురు. మనవారు దానికి సీతమ్మ పోగునూలు అని పేరిడిరి. పేరు ముచ్చటైనదే గాని దాని బ్రతుకు వేరు. ఆకులు లేవు, ఆసరా దొరకిన పిదప నేలలోని వేరును ఎండిపోవును, అటుపైన పట్టిన మొక్క రసమే దానికి ఆహారము. ఇట్లు పరుల అన్నముచే జీవించునది పరాన్నజీవి.

ఖమ్మము మామిడితోటలలోని బదనిక ఇంకొక తీరు. పచ్చని ఆకులుండుటచే తన వంట తానే వండుకొనును; నీరు, లవణములు మాత్రము చెట్టునుండి లాగుకొనును. అందుచే మొదటిది సంపూర్ణ పరాన్నజీవి, ఇది పాక్షిక పరాన్నజీవి. అమరకోశము మాత్రము ఈ పాక్షికమును మన్నింపక దీనిని వృక్షాదని, అనగా చెట్టును తినునది, అనినది. తోట గల రైతు నడిగినను ఆ మాటే చెప్పును.

జంతువుల నాశ్రయించు వానిని ఉండుచోటునుబట్టి విభజింతురు. పేను, పిడుదు ఒంటిపైనుండునవి. ఏలికపాము, మలేరియా క్రిమి లోపలనుండునవి. చరకాచార్యులు క్రిములను 20 విధములుగా లెక్కించి, పుట్టుచోటునుబట్టి నాలుగు తెగలు చేసిరి. రక్తమందలి క్రిములలో కొన్ని అతిసూక్ష్మములగుటచే కంటికి కానరావని వారు చెప్పుట నాకు నేటికిని అబ్బురమే. అంతమాత్రమున వారు మలేరియా క్రిమి నెరిగిరని కొందరనుట నేనొప్పను. దోమలో ఆ క్రిమిని రొనాల్డ్ రాస్ అను వైద్యుడు సికింద్రాబాదులో సూక్ష్మదర్శినితో కనుగొన్నది 1897 ఆగస్టు 20వ తేదీన.

మన అడవి పల్లెలను చిరకాలముగా పీడించినది ఈ క్రిమియే. ఇది ఏకకణజీవి. ఆడ అనాఫిలిస్ దోమ కాటుతో ప్రవేశించి, మొదట కాలేయములో పెరిగి, పిదప ఎర్ర రక్తకణములలో చేరును. ఇందు ఫాల్సిపేరం జాతి మెదడునకు సోకి ప్రాణము తీయగలదు. వైవాక్స్ జాతి కాలేయములో నిద్రించి నెలల పిమ్మట మరల జ్వరము తెచ్చును. ఏ జాతియో రక్తపరీక్షయే తెల్పును. మందు కూడ దానినిబట్టియే మారును. జ్వరము దిగినదని వైవాక్స్ రోగి మాత్రలు నడుమ మానినచో కాలేయములోని క్రిమి మిగిలియే యుండవచ్చును.

కాటు పడిన వెంటనే జ్వరము రాదు. వారమో, రెండు వారములో పట్టును; అప్పటికి యాత్రికుడు ఇల్లు చేరియుండును. కావున వానకాలమున ఇచట రాత్రి నిద్రించువారు దోమతెర తెచ్చుకొనవలెను. ఇంటికి పోయిన పిదప చలిజ్వరము వచ్చినచో, భద్రాచలము అడవిప్రాంతమునకు పోయివచ్చితిమని వైద్యునికి మొదటనే చెప్పవలెను. గిరిజన పల్లెలకు వస్త్రదానము చేయు దాతలు దోమతెరలను గూడ చేర్చిన బాగుండునని నా మనవి.